నుదుట బూడిద, కడిగిన ముఖం

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలమైన లెంటు మొదలయ్యే రోజు భస్మ బుధవారం. ఆనాటి ఆరాధనలో ఒక చిక్కు ఉంది. ఏటేటా అదే క్రమం, అదే పాఠం కావడంతో మన చెవికి అది పట్టడం లేదు గాని, కాస్త నిలిచి వింటే ఆశ్చర్యం కలుగుతుంది. కిందటేడు మట్టల ఆదివారం నాడు "హోసన్నా" అంటూ చేతపట్టుకొని ఊరేగిన ఈతమట్టలు, కొబ్బరిమట్టలు గుడిలో ఒక మూలన ఎండి, కాలి, బూడిదై, చివరకు అయ్యగారి బొటనవేలి మీదుగా మన నుదుట సిలువ గుర్తుగా దిగుతాయి. "నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు" అని ఆదికాండము 3వ అధ్యాయంలో దేవుడు ఆదాముతో పలికిన మాటను ఆయన ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతారు. అంతకు కొద్ది నిమిషాల ముందు చదివిన సువార్త పాఠం మాత్రం మత్తయి 6వ అధ్యాయంలోనిది. అందులో ప్రభువు చెప్పింది ఇది: "ఉపవాసము చేయుచున్నట్టు మనుష్యులకు కనబడవలెనని కాక, రహస్యమందున్న నీ తండ్రికే కనబడవలెనని, నీవు ఉపవాసము చేయునప్పుడు నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము."

అంటే ముఖం కడుక్కోమన్న వాక్యాన్ని చదివి, ఆ వెంటనే ముఖానికి బూడిద పెట్టించుకుంటున్నాము. కతోలిక సంఘంలోనూ, ఆంగ్లికన్, లూథరన్ సంప్రదాయాల్లోనూ ఈ రోజుకు ఏర్పడిన సువార్త పాఠం ఇదే. దానిని ఈ రోజుకు జతచేసిన పెద్దలు ఏమరుపాటున ఆ పని చేశారని నేను అనుకోను. బూడిద కోసం లేచి వరుసలో నిలబడిన మనిషి మనసులో ఏమేమి మెదులుతాయో వారికి బాగా తెలిసి ఉండాలి.

మా సంఘంలో పూర్వం ఈ ఆచారం లేదు. భస్మ బుధవారం ఆరాధన జరిగేది గాని బూడిద పెట్టేవారు కాదు. తర్వాత వచ్చిన ఒక అయ్యగారు దానిని మొదలుపెట్టారు. ఆ మొదటి సంవత్సరం ఆరాధన ముగిసి అందరం బయటికి వస్తుండగా, మా నాయనమ్మ గుడి మెట్లు దిగుతూనే కొంగు తీసి నుదురు శుభ్రంగా తుడిచేసుకుంది. పక్కనే ఉన్న మా అమ్మ కంగారుపడి, "అదేంటత్తయ్యా, సాయంత్రం దాకా ఉంచుకోవాలంట" అంది. "ఇందాక ఆయన చదివిందేంటమ్మాయ్? మొకం కడుక్కోమనే గదా! నేను ఇన్నాను" అని నాయనమ్మ తేల్చేసింది. ఆమెకు చదువు రాదు. వాక్యం ఆమెకు చెవి ద్వారానే చేరేది. చెవిన పడిన దానిని అక్కడికక్కడే చేసేయడం ఆమె పద్ధతి. చుట్టూ ఉన్నవాళ్ళం నవ్వాము. అమ్మ మాత్రం రాత్రి పడుకునేదాకా ఆ బూడిదను ఉంచుకుంది. ఆ రోజంతా ఇంట్లో ఎవరిమీదా గొంతు పెంచలేదు. పాలవాడు లెక్కలో తేడా చేసినప్పుడు కూడా చెయ్యి నుదుటిదాకా వెళ్ళి ఆగింది, ఆ పైన ఏమీ అనలేదు. వాళ్ళిద్దరిలో ఎవరు వాక్యాన్ని సరిగా విన్నారని నన్నెవరైనా అడిగితే ఈనాటికీ జవాబు చెప్పలేను.

మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు మూడు పనులను వరుసగా తీసుకున్నాడు: ధర్మం చేయడం, ప్రార్థించడం, ఉపవాసం ఉండడం. మూడింటి దగ్గరా "వేషధారులు" అన్న మాట వస్తుంది. గ్రీకు మూలంలో ఆ మాటకు అర్థం రంగస్థలం మీద నటించేవాడు అని. మన బైబిలును తెనిగించినవారు దానికి ఎంచుకున్న పదం చాలా గొప్పగా కుదిరింది. వేషం అనగానే తెలుగువాడి కళ్ళముందు పగటివేషగాడు కదులుతాడు. తెర లేదు, దీపాలు లేవు. పట్టపగలు, వాకిట్లో, మన కళ్ళెదుటే శివుడై నిలబడతాడు, మరునాడు మరొకడై వస్తాడు, ఇంటింటా ఇచ్చింది పుచ్చుకొని పోతాడు. అయితే తాను శివుణ్ణి కానని అతనికి తెలుసు, మనకూ తెలుసు. పొద్దుగూకగానే రంగు కడిగేసుకొని అన్నానికి కూర్చుంటాడు. ఆ వేషంలో మోసం లేదు, అది అతని కూడు. ప్రభువు హెచ్చరించిన వేషధారికి మాత్రం రంగు కడిగే వేళ అంటూ ఉండదు. ముప్పై ఏళ్ళు సంఘపెద్దగా ఉన్నవానికి, ముప్పై ఏళ్ళు ప్రార్థన ఎత్తుకొన్నవానికి, భక్తి మీద వ్యాసాలు రాసేవానికి కూడా, తన గొంతులో ఏది ప్రార్థనో ఏది అలవాటో విడదీసి చూసుకొనే తెలివి కొంచెం కొంచెంగా పోతుంది. ఎదుటివారిని మోసగించడం దాకా ఎందుకు, అతడు అందరికంటే ముందు తననే నమ్మించుకొంటాడు.

ఈ మూడు పనుల దగ్గరా వచ్చే ఇంకొక మాట, "వారు తమ ఫలము పొందియున్నారు" అన్నది, మనం తొందరగా దాటిపోయే మాట. ఇక్కడి గ్రీకు క్రియ ఆ కాలపు లావాదేవీలలోనిది. ఐగుప్తు (ఈజిప్టు) ఇసుకలో దొరికిన పాపిరస్ కాగితాల మీద, కుండపెంకుల మీద రాసిన రసీదులలో ఇదే మాట కనిపిస్తుంది. పైకం పూర్తిగా అందింది, ఇక బాకీ లేదు అని దాని అర్థం. మన ఊళ్ళలో ప్రోనోటు వెనక "ముట్టినవి" అని రాసి సంతకం పెడతారే, సరిగ్గా ఆ మాట. వీధి మూలన నిలబడి ప్రార్థించినవాడు జనం చూడాలని కోరుకున్నాడు. జనం చూశారు. అతడు అడిగినది అతనికి ముట్టింది. ప్రభువు అతనిని నరకంలో వేస్తానని అక్కడ అనలేదు, దండన మాటే ఎత్తలేదు; లెక్క చెల్లిపోయిందని మాత్రమే అన్నాడు. నన్ను భయపెట్టేది ఆ తిట్టు లేకపోవడమే. తిడితే ఇంకా ఏదో సంబంధం మిగిలి ఉన్నట్టు ఉండేది.

మా పాత గుడిలో నేను కూర్చొనే వరుసకు సరిగ్గా పైన ఒక ఫ్యాను ఉండేది. మూడు రెక్కలమీదా ఎర్రరంగుతో దాత పేరు, ఊరు, ఎవరి జ్ఞాపకార్థమో రాసి ఉండేవి. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ అక్షరాలు ఒక ఎర్రని గీతగా కలిసిపోయి ఎవరికీ కనబడేవి కావు. కింద ఉన్నవాళ్ళందరికీ గాలి మాత్రం తగిలేది. ప్రసంగం మధ్యలో కరెంటు పోయినప్పుడు రెక్కలు మెల్లగా నిలిచేవి, చెమటలు పట్టేవి, అప్పుడు అందరం తలెత్తి ఆ పేరు చదివేవాళ్ళం. దీనిని ఎగతాళిగా చెప్పడం లేదు. ఆ ఫ్యాను ఇచ్చిన కుటుంబం కష్టార్జితంతో ఇచ్చింది. చనిపోయిన కొడుకు పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని తల్లి కోరుకోవడం, ధర్మం చేసేటప్పుడు వద్దని ప్రభువు అదే అధ్యాయంలో చెప్పిన బూర ఊదించడం కిందికి రాదు. పేర్లు చదివితే మరి నలుగురు ముందుకొస్తారని సంఘపెద్దలు అనే మాటలోనూ నిజముంది. కాని కృతజ్ఞత కానుకలు చదివే వేళ, పెద్ద మొత్తం దగ్గర చదివే గొంతు ఎందుకు సాగుతుందో, యాభై రూపాయల దగ్గర ఎందుకు గబగబా పోతుందో నాకు చిన్నప్పుడే అర్థమైంది. ఇప్పుడు ఫ్యాను రెక్కల అవసరం తీరింది. మోకరించిన ప్రార్థనకు ఎదురుగా స్టాండు మీద ఫోను ఉంటుంది. నుదుటి బూడిద ఆరకముందే వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతుంది, ఎంతమంది చూశారో అంకెతో సహా చూపిస్తుంది. రసీదు ఇంత స్పష్టంగా ఏ కాలంలోనూ రాలేదు.

దీనికంతటికీ విరుగుడుగా బయటి గుర్తులన్నీ మానేద్దామనేవారు ఉన్నారు. బూడిద వద్దు, తెల్లచీర వద్దు, లెంటు వద్దు, హృదయంలో ఉంటే చాలు అంటారు. ఈ మాట వినడానికి బాగుంటుంది గాని ప్రభువు అలా చెప్పలేదు. "మీరు ఉపవాసము చేయునప్పుడు" అన్నాడు, మానుకొమ్మనలేదు. మత్తయి 23వ అధ్యాయంలో పరిసయ్యులను, అంటే ధర్మశాస్త్రాన్ని అక్షరం తప్పక పాటించే యూదుల వర్గాన్ని, అంత కఠినంగా గద్దించే చోట కూడా, "మీరు పుదీనాలోను సోపులోను జీలకఱ్ఱలోను పదియవ వంతు చెల్లించి" న్యాయమును కనికరమును విశ్వాసమును విడిచిపెట్టారని చెప్పి, "వాటిని మానక వీటిని చేయవలసియుండెను" అని ముగించాడు. పోపులడబ్బాలోని జీలకర్రను కూడా లెక్కపెట్టి పదోవంతు తీసే మనిషిలో ఒక శ్రద్ధ ఉంది, దానిని ప్రభువు కాదనలేదు. ఆ శ్రద్ధ వంటింటి గడప దాటి పక్కవాడి దాకా రాలేదన్నదే ఆయన బాధ. హృదయంలో ఉంటే చాలు అనే మాటతో ఇంకొక చిక్కు కూడా ఉంది: హృదయంలో ఉన్నదో లేదో ఎవరూ అడగలేరు గనుక అది వేషాలన్నింటిలోకీ తేలికైన వేషం.

గుర్తును మార్చితే సరిపోతుందనుకోవడం కూడా చాలా పాత పొరపాటే. తొలి సంఘకాలపు "డిడాకే" అనే చిన్న బోధనా గ్రంథంలో, వేషధారులు సోమవారం, గురువారం ఉపవాసం ఉంటారు గనుక మీరు బుధవారం, శుక్రవారం ఉండండి అని ఒక ఆదేశం ఉంది. ప్రభువు వేషధారణ గురించి చెప్పిన మాట ఒకటి రెండు తరాలు తిరిగేసరికి ఏ వారం అన్న తేడాగా మారిపోయిందేమోనని చదివినప్పుడల్లా అనిపిస్తుంది. మనం శుక్రవారం ఉపవాస ప్రార్థనకు కూర్చొనే అలవాటు వెనక ఇంత చరిత్ర ఉంది.

ఆ శుక్రవారాల్లో ఒకటి నాకు బాగా గుర్తుంది. లెంటు దినాలలో ప్రతి శుక్రవారం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా సాయంత్రం ప్రార్థన దాకా ఉండాలని ఆ సంవత్సరం తీర్మానం చేసుకున్నాను. మధ్యాహ్నం మూడు గంటల వేళ, మా ఇంట్లో పనిచేసే ఆమె గుమ్మం దగ్గర నిలబడి, పిల్లవాడికి జ్వరమని, ఆ నెల జీతంలో అయిదువందలు ముందుగా కావాలని అడిగింది. నేను కళ్ళు మూసుకొని కూర్చొని ఉన్నాను. "ఉపవాసంలో ఉన్నాను, రేపు చూద్దాం" అన్నాను. ఆమె "అట్టాగేనయ్యా" అని గిన్నెలు తోమడానికి పోయింది. ఆ "అట్టాగే"లో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఉపవాసం అంటే ఇలాంటిదే కాబోలు అన్న నమ్మకం మాత్రం ఉంది. లెంటు దినాల ప్రార్థనల్లో యెషయా గ్రంథం 58వ అధ్యాయం రాని సంవత్సరం మా సంఘంలో ఉండదు. ఆ వారం కాదు, ఆ తర్వాతి వారం అది వచ్చింది. "మీ ఉపవాసదినమున మీరు మీ వ్యాపారము చేయుదురు, మీ పనివారిచేత కఠినమైన పని చేయించుదురు" అన్న దగ్గర నా చెవులు వేడెక్కాయి. "ఒకడు జమ్మువలె తలవంచుకొని గోనెపట్ట కట్టుకొని బూడిద పరచుకొని కూర్చుండుట ఉపవాసమా?" అని ప్రవక్త అడిగేసరికి తలవంచుకొనే కూర్చొని ఉన్నాను, తల ఎత్తాలో వద్దో తెలియలేదు. జమ్ము గాలికి వంగుతుంది, మరుక్షణం లేస్తుంది. వంగినందువల్ల దానిలో ఏమీ మారదు. ఆ అయిదువందలు నేను మరునాడే ఇచ్చాను, నిజమే. జ్వరం మాత్రం ముందురోజుది.

ఇక అదే మత్తయి 23వ అధ్యాయంలో ప్రభువు పరిసయ్యులను పోల్చిన సున్నం కొట్టిన సమాధుల సంగతి. "అవి వెలుపల శృంగారముగా అగపడును గాని లోపల చచ్చినవారి యెముకలతోను సమస్త కల్మషముతోను నిండియున్నవి" అన్న మాటను మనం అలంకారానికి తగిలిన దెబ్బగా చదువుతాము. అయితే ఆనాడు యూదులు సమాధులకు సున్నం కొట్టింది అందం కోసం కాదు. సమాధిని ముట్టినవాడు ఏడు దినాలు అపవిత్రుడై ఉంటాడని సంఖ్యాకాండము 19వ అధ్యాయం చెబుతుంది. పస్కా పండుగకు దూరదేశాల నుండి యెరూషలేముకు వచ్చే యాత్రికులు తెలియక సమాధిని తాకితే, అంత దూరం నడిచి వచ్చీ పండుగకు దూరమవుతారు. అందుకని పస్కాకు ముందటి నెలలో, వానలకు పాత సున్నం కొట్టుకుపోయిన చోటల్లా మళ్ళీ కొట్టేవారు. ఇక్కడ అడుగు పెట్టవద్దని ఆ తెలుపు చెబుతుంది. ప్రభువు ఆ హెచ్చరిక గుర్తునే తిరగవేసి చూపించాడు: మీ తెలుపు జనాన్ని దూరం పెట్టడం లేదు, దగ్గరికి పిలుస్తున్నది, వచ్చినవాడు మీ దగ్గర మైలపడి పోతున్నాడు. లూకా సువార్తలో ఇదే గద్దింపు "మీరు కనబడని సమాధులవలె ఉన్నారు" అన్న రూపంలో ఉంది. సున్నం ఎక్కువైనా ప్రమాదమే, బొత్తిగా లేకపోయినా ప్రమాదమే.

మనకు సమాధులకు సున్నం కొట్టడం పరాయి సంగతి కాదు. నవంబరు 2న సమాధుల పండుగ అంటే కొన్ని ఊళ్ళలో వారం ముందునుంచే పని మొదలవుతుంది. గడ్డి చెక్కుతారు, కూలిన సిలువలు నిలబెడతారు, నానబెట్టిన సున్నంలో కాస్త నీలిమందు కలిపి, ఈతపుల్లల కుంచెతోనో కొబ్బరిపీచుతోనో పూస్తారు. చిన్నప్పుడు ఒక బంధువుల ఊరిలో ఈ పనికి నేనూ వెళ్ళాను. వేళ్ళ సందుల్లో సున్నం మంట ఇప్పటికీ గుర్తుంది. సాయంత్రం అయ్యేసరికి తోట అంతా తెల్లగా మెరిసింది, బంతిపూలు, కొవ్వొత్తులు వచ్చాయి. ఆ తోట నడుమ మోకాలెత్తు మట్టిగోడ ఒకటి ఉంది. దానికి అవతలా సిలువలే, ఇవతలా సిలువలే. రెండువైపులా ఒకే సంఘపు మనుషులు, ఒకే అయ్యగారు పాతిపెట్టినవారు. గోడ ఎందుకని అడిగాను. "అటు వాళ్ళవి, ఇటు మనవి" అన్నాడు మాతో వచ్చిన పెద్దాయన, ఎవరికైనా తెలిసిన విషయాన్ని అడుగుతున్నావే అన్నట్టు. సున్నం మాత్రం ఒకే డ్రమ్ములో కలిపారు. గోడ ఎక్కడో మాసినట్టుందని దానికి కూడా ఒక పూత వేశారు.

"మధ్యగోడను పడగొట్టి, మన ఉభయులను ఏకముచేసెను" అన్న ఎఫెసీయులకు రాసిన పత్రికలోని వాక్యం ఆ ఊరి గుడి లోపల గోడమీద రాసి ఉండిందో లేదో నాకు తెలియదు, ఉండినా ఆశ్చర్యపోను. ఈ విషయంలో ఒక ఊరిని వేలెత్తి చూపడం కూడా న్యాయం కాదు. మన క్రైస్తవ పెళ్ళిసంబంధాల ప్రకటనలు ఒక్క పేజీ చదివితే చాలు. రక్షణ పొందిన, ప్రార్థనాపరురాలైన, సేవాభారం గల వధువు కావాలని రాసిన పక్కనే కులం, ఉపకులం రాసి ఉంటాయి. బొట్టు తీసేశాము, నగలు తీసేశాము, పాత పేరు మార్చుకున్నాము. తీయడానికి కష్టమైనదానిని మాత్రం తీయకుండా ఉంచి, దానిమీద తెల్లబట్ట కప్పాము. నా మట్టుకు నాకు, నిజమైన విశ్వాసానికీ పై వేషానికీ తేడా తేల్చే చోటు మన సంఘంలో ఆరాధన కంటే ఎక్కువగా ఇదే అనిపిస్తుంది. ప్రార్థనలో కన్నీళ్ళు తెప్పించుకోవచ్చు గాని, ఆ గోడ అవతలి ఇంటికి పిల్లనివ్వడానికి కన్నీళ్ళు సరిపోవు.

బయటి గుర్తును ఎంత జాగ్రత్తగా పట్టుకోవాలో తెలిసిన మనిషి ఒకరు మన నేలమీదే కనిపిస్తారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా పనిచేసిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో అక్కడికి వచ్చారు. 1876 నుండి 1878 దాకా ధాత కరువు దక్షిణాదిని ఊడ్చేసినప్పుడు, ఆయన బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం పనిని గుత్తకు తీసుకొని, ఆకలితో వచ్చిన వేలమందికి కూలి ఇప్పించారు. ఆయన కింది బోధకులే మేస్త్రీలయ్యారు. పని మధ్య విశ్రాంతి వేళ, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అన్న వాక్యాన్ని వినిపించేవారు. తట్ట మోసి వచ్చి కూలబడినవాడికి ఆ మాట ఎలా వినబడి ఉంటుందో ఊహించుకోవచ్చు. జనం బాప్తిస్మం కావాలని అడగసాగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం సాగుతున్నన్నాళ్ళూ, ఏడాదికి పైగా, ఎవరికీ ఇవ్వలేదు. కూలి చేతికి, నీళ్ళు తలకు ఒకే రోజున అందితే, దేనికోసం దేన్ని పుచ్చుకున్నాడో ఆ మనిషికే తెలియకుండా పోతుందని ఆయన భయం. సాయం ఆగిపోయాక, ఇక ఇక్కడ మీకు ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజునే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇద్దరిద్దరు చొప్పున బోధకులు వంతులు మారుతూ నీళ్ళలో నిలబడ్డారు.

ఆ అంకెను మన సభల్లో గర్వంగా చెప్పుకొంటాము. నాకు దానికంటే ఆ ఖాళీ నెలలే గొప్పగా తోస్తాయి. లెక్క పెంచి చూపించడానికి అంతకంటే అనువైన కాలం ఏ మిషనరీకీ రాదు. ఆయన ఆ కాలంలోనే పుస్తకం మూసి కూర్చున్నారు. "మీరు సూచనలను చూచుటవలన కాదు గాని రొట్టెలు భుజించి తృప్తి పొందుటవలననే నన్ను వెదకుచున్నారు" అని కపెర్నహూములో ప్రభువు తనవెంట పడిన జనంతో అన్న మాట ఆయన చెవుల్లో ఉండి ఉండవచ్చు. అయినా ఆ వచ్చినవాళ్ళను, వాళ్ళ మనవలను, ముని మనవలను కూడా ఊళ్ళో "బియ్యం కోసం కలిసినవాళ్ళు" అనే అన్నారు. మా వాళ్ళు ఒంగోలు వైపు వారు కారు, వాళ్ళది వేరే మిషను. కాని ఈ మాట మాత్రం మిషన్ల తేడా లేకుండా అందరికీ పంచారు. బడిలో నాకూ ఒకసారి వంతు వచ్చింది. ఇంటికి వచ్చి నాయనమ్మతో చెప్పాను.

ఆమె అప్పుడు పొయ్యి దగ్గర ఉంది. సోలెతో బియ్యం కొలిచి గిన్నెలో పోసుకుంది, ఆ గిన్నెలోంచి పిడికెడు తీసి గూట్లో ఉన్న డాల్డా డబ్బాలో వేసింది, తర్వాత కడుగు నీళ్ళు పోసింది. ఇది తెలుగు క్రైస్తవ ఇళ్ళలో చాలాచోట్ల ఉన్న అలవాటే. పిడికెడు బియ్యం అంటారు. పూటపూటకూ అన్నం వండే ముందు దేవుని పేర ఒక పిడికెడు తీసి దాచి, ఆదివారం గుడికి తీసుకుపోతారు. నేను చెప్పింది విని నాయనమ్మ ఏమీ అనలేదు. నేనే ఊరుకోలేక, "బస్తాలోంచి ముందే తీసి పెట్టొచ్చు గదా, కొలిచిన దాంట్లోంచి ఎందుకు తీస్తావు?" అని అడిగాను. "బస్తాలోంచి తీస్తే బస్తాది తగ్గుద్ది రా. కొలిచినాక తీస్తే నా ముద్ద తగ్గుద్ది" అంది, ఎసట్లో బియ్యం వేస్తూ. ఆ పూట ఎవరి కంచంలో ఎంత తగ్గిందో ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఆఖరున తినేది ఆమే.

ఆదివారం గుడిలో, గుమ్మం పక్కన ఒక గోనెసంచి మూతి విప్పి ఉండేది. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ తమ డబ్బానో, గుడ్డ సంచినో అందులో కుమ్మరించి లోపలికి వెళ్ళేవారు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషను బియ్యం, అక్కడక్కడ నూకలు, అన్నీ కలిసిపోయేవి. ఆ బియ్యం అయ్యగారింటికో, లేనివాళ్ళ ఇంటికో పోయేవి. వేదిక మీద నుంచి చదివిన కానుకల పట్టికలో ఆ సంచి పేరు నేను ఎప్పుడూ వినలేదు.

నాయనమ్మ పోయిన వారంలో, వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక, అమ్మ వంటిల్లు సర్దుతుంటే గూట్లో ఆ డబ్బా కనబడింది. సగానికి పైగా నిండి ఉంది. మంచాన పడిన రోజు దాకా ఆమె వేస్తూనే ఉందన్నమాట. ఆదివారం అమ్మ దానిని తీసుకువెళ్ళి సంచిలో కుమ్మరించింది, ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. ఇంటికి వచ్చి, ఖాళీ డబ్బాను కడిగి, ఎండలో బోర్లించి, సాయంత్రం అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు మళ్ళీ గూట్లో పెట్టింది.